ఆదివారం దాకా తోట

“ఆదివారం కంపెనీవోళ్లు తీసేసే ఆటలో మొక్కలు నాటడమేటే?” టీవీలో వీడియో గేమ్ ఆడుతున్న కూతురు భానుప్రియ మీద గూడ్సు గార్డు తిరుమలరావు గయ్యిమన్నాడు. “నెలనెలా చందా కట్టినా ఆట మనది కాదా? కొనుక్కుంటే ఎవడు లాక్కుంటాడు?”

“ఒక్క చందాకి వంద ఆటలు నాన్నా! అన్నీ కొనగలమా? వాళ్లు ఉంచినన్నాళ్లు మనవి, అంతే.”

“అద్దె బతుకు!”

“అచ్ఛా? వచ్చే నెల రిటైరై ఈ రైల్వే క్వార్టర్ ఖాళీ చేసేస్తావు కదా, మరి నిన్న పెరట్లో మునగకొమ్మ ఎందుకు పాతావు?”

తిరుమలరావు కిటికీలోంచి కొమ్మకేసి చూశాడు. దాని కాయలు తను తినడని పాతేటప్పుడే తెలుసు. అయినా చెయ్యి ఊరుకోలేదు.

వచ్చి కూతురి పక్కన చతికిలబడ్డాడు.

“జరుగు. నీళ్లు పోసే బటన్ ఏదే?”