ప్రార్థనలో పెట్టిన అంగీ

"రేపే ఆరాధన. నా తెల్లంగీ ఏదయ్యా?" పాస్టరుగారు కొట్టు గుమ్మంలోనే నిలదీశారు.

టైలరు మిషను మీంచి తలెత్తలేదు. "ప్రార్థనలో పెట్టానండీ."

"చర్చి మొహమే చూడవు, నువ్వా! అసలు గుడ్డ కత్తిరించావా?"

"ఇంకా లేదండీ. దేవుడి జవాబు కోసం భారంతో కనిపెట్టుకుని ఉన్నాను."

అచ్చం తన మాటలే! పాస్టరుగారికి ఒళ్లు మండింది. "నాతో వేళాకోళమా?"

"అయ్యో, ఎంతమాట! మా అమ్మాయి సీటు కోసం మీ చర్చి స్కూలు హెడ్మాస్టరుగారితో ఒక్కమాట చెప్పమని మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ మీరు ఇదే అన్నారు. పని కాదని మర్యాదగా చెప్పాలంటే మీలో ఇలా అంటారనుకున్నాను."

పాస్టరుగారు ఫోను తీశారు.

"హెడ్మాస్టరుగారూ, మన టైలరుగారి అమ్మాయి..."

మాట పూర్తయ్యేలోగా వెనక కత్తెర కరకరలాడింది.

"జవాబొచ్చిందండీ," అన్నాడు టైలరు. "సాయంత్రానికి అంగీ రెడీ."