మఠానికి మొదటి దాత

చోప్ చేసిన కుర్చీలో ఎవరో ముసలావిడ కూర్చుని ఉంది.

సింగపూర్‌లోని క్లెమెంటి హాకర్ సెంటర్‌లో, అన్ని తిండి కొట్లూ ఒకే కప్పు కింద ఉండే చోట, మధ్యాహ్నం పూట బల్ల దొరకడమే గగనం. ఈ కుర్చీ నాదని గుర్తుగా టిష్యూ ప్యాకెట్టు పడెయ్యడాన్నే ఇక్కడ చోప్ చెయ్యడం అంటారు; నిఖిల అలా పడేసి, కాఫీ తెచ్చుకునేసరికి ఇదీ వరస.

"అన్నీ ఇవాళే రావాలా నా ప్రాణానికి," అని గొణుక్కుంది.

"మోకాళ్ళ నొప్పమ్మా. కాసేపు కూర్చుని లేస్తాను," అంది ముసలావిడ శుభ్రమైన తెలుగులో.

నిఖిల నాలుక్కరుచుకుంది. "అయ్యో, కూర్చోండి ఆంటీ," అని పక్క కుర్చీ లాక్కుని లాప్‌టాప్ తెరిచింది. సింగపూర్‌లో పెద్దావిడ కనబడితే ఆంటీ అంటే సరిపోతుంది, పేరెవరడుగుతారు?

"ఏం చదువుతున్నావు?"

"పిహెచ్‌డీ ఆంటీ. ఇంగ్లండులో ఒక పాత క్రైస్తవ మఠం మీద. సాయంత్రం ఐదింటికల్లా థీసిస్ పంపాలి. లేదంటే స్టూడెంట్ పాస్ పోతుంది, పెట్టె సర్దుకుని ఒంగోలు పోవడమే."

"మరి పంపెయ్."

"ఒక్క అధ్యాయం దగ్గర ఆగిపోయింది."

ఎవరో ఒకరితో చెప్పుకోకపోతే ఏడుపొచ్చేలా ఉంది. చెప్పేసింది.

హార్న్‌బెక్ మఠం ఎప్పుడు మొదలైందో ఎవరికీ సరిగా తెలియదు. ఒక ప్రభువు 1141లో కట్టించాడని విట్‌కోమ్ అని ఇంటిపేరొక్కటే వేసుకున్న పండితుడు యాభై ఏళ్ళ కింద పుస్తకం రాశాడు. లోకానికి అదే ప్రమాణం. కానీ అంతకు చాలా ముందే గున్‌హిల్డ అనే విధవరాలు తన పొలమంతా సన్యాసులకు ఇచ్చేసిందని నిఖిల నమ్మకం. దానపత్రం ఉంది. దాని మీద తేదీ లేదు.

"విట్‌కోమ్‌ని కాదనాలంటే విట్‌కోమే వచ్చి చెప్పాలంటాడు మా ప్రొఫెసర్. లేదంటే ఆ అధ్యాయం తీసెయ్యమంటాడు. విట్‌కోమ్ పాత కాలేజీకి ఎన్ని మెయిళ్ళు పెట్టానో ఆంటీ. ఉలుకూ పలుకూ లేదు."

ముసలావిడ చేతికర్ర బల్లకు ఆనించి ముందుకు వంగింది.

"ఆ పుస్తకం తప్పమ్మా," అంది.

"మీరు చదివారా?"

"చదివాను."

నిఖిలకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. షుగరు మందు దగ్గర్నుంచి ఫ్లాట్ల ధరల దాకా ఇక్కడి ఆంటీలకు తెలియని సంగతి లేదు. ఇప్పుడు ఇంగ్లండు మఠాలు కూడానా!

"రాసేటప్పుడు చిన్న వయసు. గొప్పింటి పేరు కనబడగానే రాసెయ్యడమే. ఆ విధవరాలిని చూసీ చూడనట్టు వదిలెయ్యడం," అంది ఆవిడ.

"విట్‌కోమ్‌ని ఏమీ అనకండి ఆంటీ. ఆయన మాట మాకు వేదవాక్కు."

"నీ అధ్యాయం తియ్యకు. మీ ప్రొఫెసరుకి ఫోను కలిపి ఇవ్వు. నేనొక మాట చెబుతాను."

నిఖిల ఇంజనీరింగు సీటు దగ్గర్నుంచి హాస్టలు గది దాకా ఈ మాట వింటూనే పెరిగింది. ఫలానా ఆయన మనవాళ్ళే, నేనో మాట చెబుతాను. ఇప్పుడీవిడ "మా పిల్ల బుద్ధిమంతురాలు, కాస్త చూడండి" అంటుంటే ప్రొఫెసర్ మొహం ఎలా ఉంటుందో తలుచుకుంటేనే చెమటలు పట్టాయి.

"ఇక్కడ సిఫారసులు పనిచెయ్యవు ఆంటీ. ఉన్న పరువు కూడా పోతుంది."

"సిఫారసు కాదమ్మా, నేను..."

"ప్లీజ్ ఆంటీ. టైం లేదు. మీకు అర్థం కాదు."

ఆవిడ చేతికర్ర ఆసరాతో లేచింది.

"ఎదురు బ్లాకులో మా అమ్మాయి దగ్గర ఉంటాను. నాలుగో అంతస్తు. ఐదు లోపల మనసు మారితే రా," అని వెళ్ళిపోయింది.

హమ్మయ్య అనుకుంది నిఖిల.

నాలుగున్నర దాటాక గున్‌హిల్డ అధ్యాయం మొత్తం తీసేసింది. విట్‌కోమ్ చెప్పిన ప్రభువునే మొదటి దాతగా, విట్‌కోమ్ చెప్పిన ఏడాదినే మఠం పుట్టిన ఏడాదిగా రాసి పంపేసింది. అబద్ధమని తెలిసీ రాశానే అని అంతమంది మధ్యా వెక్కి వెక్కి ఏడ్చింది.

డిగ్రీ వచ్చింది.

ఆ తరువాత ఒక రోజు ప్రొఫెసర్ పిలిచాడు.

"విట్‌కోమ్ పోయారు. ఆఖరి రోజుల్లో ఈ ఊళ్ళోనే, కూతురి దగ్గర ఉన్నారట. తెలిసి ఉంటే నీ గున్‌హిల్డ గురించి వెళ్ళి అడిగేవాళ్ళం. ఆ ఒక్క మాటతో నీ అధ్యాయం నిలిచేది," అంటూ ఫోనులో సంతాప ప్రకటన చూపించాడు.

కింద హైమావతి విట్‌కోమ్ అని రాసి ఉంది; ఇంటిపేరు ఇంగ్లీషు భర్తది. పైన ఫోటోలో, తను రాసిన పుస్తకం తప్పని చెప్పడానికి ఆ రోజు ఫోను అడిగిన ఆంటీ ఉంది.