కింది వాటా

మా ఆయనా, బావగారూ ఇల్లు పంచుకున్నప్పుడు ఏ వాటా కావాలో కోరుకోమని చిన్నవాళ్లమైన మాకే వదిలారు. రెంటచింతల ఎండలకు డాబా మీద ఎవరుంటారని, అప్పుడు కడుపుతో ఉన్న నేనే పట్టుబట్టి కింది వాటా అడిగాను. డాబా బావగారికి పోయింది.

ఇప్పుడు డాబా ఉన్నవాళ్లకు సోలారు పలకల నుంచి ఎండ కరెంటు ఉత్తినే వస్తోంది. లేనివాళ్లం తీగ కరెంటు కొనుక్కోవాలి. రోజంతా కూలరు వేస్తే అరలీటరు పాల డబ్బులు పోతాయి. పైన మా తోడికోడలు వసుంధరక్క మిట్టమధ్యాహ్నం ఏసీ వేసుకుని దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. కింద నా పాప వీపంతా చెమటకాయలు.

అది చూడలేక అక్క రోజూ పాపను పైకి తీసుకెళ్తుంది. నిన్న తెచ్చుకుందామని వెళ్తే, పాప ఆమె మెడ వదల్లేదు. నన్ను చూసి మొహం తిప్పుకుంది. నా ఒళ్లు భగ్గుమంది.

"ఇది చల్లదనం మరిగిందిలేవే," అని నవ్వింది అక్క.

"మరిగించావుగా! ఒక్క వైరు కిందికి దించితే నీ సొమ్మేం పోద్ది? వాడగా మిగిలింది వృథాయేగా?"

అక్క నవ్వు ఆగిపోయింది. పాప వీపుకు పౌడరు అద్దింది.

"దించితే ఇది పైకెందుకొస్తదే?" అంది. "నాకు మాత్రం ఎవరున్నారు?"



"వైరు దించక్కా. మధ్యాహ్నం నేనే తెచ్చి నీ దగ్గర వదుల్తా," అన్నాను.

అన్నానే గానీ, చంకనేసుకుని మెట్లు దిగుతుంటే పాప వెనక్కి తిరిగి ఆమెకేసి చేతులు చాపింది. నేను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.