ముందుగా వీరేందర్‌

వేదిక మీద వీరేందర్ గొంతు "జై" దగ్గర ఆగిపోయింది. "తెలంగాణ" రాలేదు.

తమాషా చేస్తున్నాడనుకుని మహబూబాబాద్ జనం నవ్వారు. వేదిక కింద నిలబడ్డ అతని భార్య విజయ మాత్రం నవ్వలేదు. అతని మూతి ఓ పక్కకు జారడం చూసింది. వెంటనే జీపులో వేసుకుని వరంగల్ దవాఖానకు తీసుకుపోయింది. ఆ రోజు రోడ్లన్నీ బంద్. అయినా ఆ జీపును ఎవరూ ఆపలేదు.

ముప్పై మూడేళ్లకే పక్షవాతం ఏమిటని అడిగితే డాక్టర్ ఓపిగ్గా చెప్పాడు. వీరేందర్ రక్తానికి పుట్టుకతోనే తొందరగా గడ్డకట్టే గుణం ఉంది. అలాంటి గడ్డ ఒకటి మెదడుకు వెళ్లే రక్తనాళంలో అడ్డుపడింది. ఇక రోజూ రక్తాన్ని పలచబరిచే మాత్ర వేసుకోవాలి. మానేస్తే మళ్లీ గడ్డ కట్టొచ్చు. వేసుకుంటున్నప్పుడు దెబ్బ తగలకూడదు, ముఖ్యంగా తలకు. నెత్తురు ఓ పట్టాన ఆగదు.

నెలలు గడిచేసరికి మాట తిరిగొచ్చింది. సకల జనుల సమ్మె మొదలవగానే ఈ బయ్యారం బడిపంతులు మళ్లీ రోడ్డెక్కాడు. విజయ వద్దనలేదు. రోజూ పొద్దున్నే, "ఇయ్యాల ఏడ కూసుంటున్రు?" అని మాత్రం అడిగేది. అతను దాచకుండా చెప్పేవాడు.

"ఇంట్ల అన్నీ చెప్పకు అన్నా," అని నెత్తి కొట్టుకునేవాడు మిత్రుడు తుల్సీరాం.

ఎక్కడ కూర్చున్నా పోలీసులు వచ్చేవారు. ఎస్సై అందరినీ దాటుకుని నేరుగా వీరేందర్ దగ్గరికే వచ్చేవారు. లాఠీ లేవకముందే చెయ్యి పట్టి అతన్ని వ్యాన్ ఎక్కించేవారు. వెనక మిగిలినవాళ్లకు తలా రెండు తగిలేవి.

ఒకరోజు వీరేందర్ లేవనన్నాడు.

"మావోళ్లకు వడే దెబ్బ నాకెందుకు వడొద్దు? కొడితే నన్ను సుత కొట్టుండ్రి. లేకుంటె ఎవ్వల్ని కొట్టొద్దు."

ఎస్సై ముఖం పాలిపోయింది. లాఠీలు జీపులో పడేయమని సిబ్బందికి చెప్పారు.

ఆ రోజు ఒక్కరికీ దెబ్బ పడలేదు. "జై తెలంగాణ" అని అరుచుకుంటూ అందరూ తమంతట తామే వ్యాన్ ఎక్కారు. తుల్సీరాం అయితే కిటికీ సీటు కోసం కొట్లాడాడు.

సాయంత్రం అందరినీ వదిలేశాక, టోపీ తీసి వీరేందర్ చేతిలో పెట్టి, అతన్ని బండి వెనక ఎక్కించుకుని ఇంటిదారి పట్టిన ఆ ఎస్సై పేరు విజయ.