గ్యారంటీ బోర్డు

ప్రభుదాస్ రుసరుసలాడుతూ మెట్లు దిగాడు. చేతిలో తెల్లటి పాలిస్టర్ షర్టు, దాని నిండా బూడిద.

“చూశావా నీ నిర్వాకం? నీ బొగ్గుల బూడిద కిటికీలోంచి వచ్చి నా సరుకు మీద పడింది!”

మెట్ల పక్కన కొన్నేళ్లుగా ఇస్త్రీ బండి పెట్టుకున్న ముసలామె గబగబా చేతులు తుడుచుకుంది.

“గాలికొచ్చేసింది బాబూ. ఇలాగియ్యండి, దులిపేత్తాను.”

మోండా మార్కెట్ వెనక సందులో, ఆ మేడ మీది గదే ప్రభుదాస్ షాపు. పేర్లు, నంబర్లు వినైల్ అనే ప్లాస్టిక్ షీటులో కత్తిరించి, ఆటల షర్టుల మీద హీట్ ప్రెస్ మెషిన్‌తో వేడిగా ఒత్తి, పైనున్న పల్చటి పొర లాగేసి అతికిస్తాడు. గుమ్మం మీద బోర్డు: ‘అక్షరం ఊడితే కొత్త షర్టు ఉచితం’. 2008లో పెట్టాడు. మూడేళ్లయినా ఉచితంగా ఒక్క షర్టు ఇవ్వాల్సిన పని పడలేదు. ఆ గొప్ప చర్చిలో చెప్పుకున్నాడు, పెళ్లిళ్లలో చెప్పుకున్నాడు, ఆఖరికి సంతాప సభల్లోనూ చెప్పుకున్నాడు.

ఆమె షర్టు దులిపి, నంబరు అంచును వేలితో తడిమింది.

“ఏడి మీదుండగానే పైన పలాస్టిక్కు లాగేత్తన్నారు బాబూ. సల్లారినాక లాగి, గుడ్డేసి ఇంకోపాలి ఒత్తాలి. పాలిస్టరు కదా, లేపోతే పట్టు సాలదు.”

ప్రభుదాస్‌కు ఒళ్లు మండిపోయింది. బొగ్గుల పెట్టె తోసుకునే మనిషి కరెంటు మెషిన్ వాడికి పాఠం చెప్పడమా! తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

“నా పని నాకే నేర్పుతావా? రేపు నీ బండి ఇక్కడ కనపడకూడదు!”

అన్నంత పనీ చేశాడు. బండి ఉంటే గది ఖాళీ చేస్తానని మేడ యజమాని దగ్గర పట్టుబట్టాడు. మర్నాడు పొద్దున్నే ఆమె సామాను సర్దుకుంది.

“ఎల్తన్నాను బాబూ. ఒక్క మాట... ఎవులైనా చొక్కాలు అట్టుకొత్తే...”

“ఎవరూ తీసుకురారు! బోర్డు చదవడం రాదా నీకు?”

రాదని తల ఊపి, బండి తోసుకుంటూ వెళ్లిపోయింది. ఎక్కడికని అడిగేపాటి మర్యాద కూడా అతనికి లేకపోయింది.

నాలుగో రోజు ఏడో నంబరు ఊడిన షర్టు ఒకటి మెట్లెక్కి వచ్చింది. ఆరో రోజు మూడు వచ్చాయి.

“మీరే బండకేసి బాదుంటారు” అని వచ్చినవాళ్లతో దెబ్బలాడాడు. వినైల్ అమ్మినవాణ్ణి దొంగ అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మెషిన్‌నీ తిట్టాడు.

శనివారం సైనిక్‌పురి నుంచి ఒక స్కూలు పీటీ మాస్టారు జకర్యా వచ్చి, సంచిని టేబుల్ మీద బోర్లించాడు. పదకొండు షర్టులు. ఒక్కదాని మీదా పేరు సరిగ్గా లేదు.

“ఏందన్నా ఇది? ఎల్లుండి మ్యాచ్. స్పోర్ట్స్ డేకి రెండొందల షర్టులు నీకే ఇద్దామనుకున్న. గిట్లయితే ఎట్ల?”

“సార్, మూడేళ్లలో ఒక్క కంప్లైంటు లేదు నా మీద! ఎవర్నైనా అడగండి!” ప్రభుదాస్ గొంతు పెంచాడు.

“లేకుంటేంది? పోయినేడు నావే రెండుసార్లు ఊడినయ్.”

“ఊడితే నాకు చెప్పరేం మరి?”

జకర్యా అతన్ని వింతగా చూశాడు.

“నీదాకా రానిస్తేనా? మెట్ల కాడనే ఆపి, గుడ్డ కప్పి ఒత్తి, పైసా తీస్కోకుండ ఇచ్చేది. ‘మా బాబు షాపు సరుకే, పైకెక్కి గొడవ సేయకండి’ అని వచ్చినోళ్లందరికీ చెప్తుండె. గ్యారంటీ చూస్కోనీకి నువ్వు పెట్టుకున్న మనిషే గదా, ఏడ వోయిందన్నా ఆ ఇస్త్రీ అమ్మ?”