ఛాతీ చల్లబడే దాకా

మెదడు ఆగిపోయిందని గోతమమ్మ తలకు కట్టిన పట్టీ చెప్పేసింది. ఇంకేముంది, ఒంటిని తీసుకుపోయే బండి వచ్చి గుమ్మం ముందు నిలబడింది. ఈ రోజుల్లో మెదడు ఆగితే మనిషి పోయినట్టే. ఒంటిని ఇంట్లో ఉంచుకోనివ్వరు.

కోడలు సుమేధ అత్త ఛాతీ మీంచి చెయ్యి తియ్యలేదు. అక్కడింకా వెచ్చగానే ఉంది. మనసు అన్నిటికంటే ఆఖరున అక్కణ్ణించే వెళ్తుందని, ఛాతీ చల్లబడే దాకా ఒంటిని కదిలించకూడదని బుద్ధవిహారంలో ఉండే భిక్షువు, భంతే, చెప్పేవాడు. అత్త కూడా అదే కోరింది. "నన్ను తొందరపెట్టనివ్వకే," అంది మొన్ననే.

"కాసేపు ఆగండయ్యా," అని సుమేధ బండి తెచ్చినతన్ని బతిమాలింది.

"ఎవరి కోసం ఆగాలమ్మా? ఆమె తలపులన్నీ ఎప్పుడో ఇందులోకి ఎక్కించేశాం," అంటూ అతను అరచెయ్యంత పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

పెట్టె అత్త గొంతుతో మాట్లాడింది. "నేనిక్కడే ఉన్నా కదే పిల్లా! ఆ ఒంటిని పోనియ్యి."

ఆ గొంతూ ఆ విసుగూ అత్తవే. సుమేధ చెయ్యి తీసేసింది. బండి వీధి మలుపు తిరిగినా అరచేతిలో ఆ వెచ్చదనం పోలేదు.

సాయంత్రం రోజూలాగే చాప పరిచింది. పెట్టెను ఎదురుగా పెట్టుకుని, "రా అత్తా, ఊపిరిని చూస్తూ కూర్చుందాం," అంది.



"ఎంత వెతికినా ఊపిరి కనపడట్లేదే," అంది పెట్టె చివరికి. "దాన్ని కూడా వాళ్లతో పంపేశావా?"