ఊరంతా జెండాలు

"ఎర్రగా ఏదో కదులుతోంది. ఏమిటవి?" అన్నాడు థోర్కిల్ రావ్న్‌హోల్ట్, కిటికీ అద్దానికి ముక్కు ఆనించి.

"జెండాలు అయ్యగారూ," అంది బోదిల్ కాఫీ పోస్తూ.

"ఎవరింటి మీద?"

"అందరిళ్ళ మీదా."

ఆయన వెనక్కి తిరిగాడు. ఆ రోజుతో ఆయనకి ఎనభై అయిదు నిండాయి. డెన్మార్క్‌లో పుట్టినరోజంటే జెండా ఎగరాలి. అయినా ఎనభయ్యో పుట్టినరోజుకి ఈ దీవిలో ఎగిరినవి రెండే. ఒకటి ఆయనది. రెండోది ఆయన దగ్గర జీతం తీసుకునే తోటమాలిది.

"చూపు మసకై నాకు మరకలే కనిపిస్తాయని ఆటపట్టిస్తున్నావా?"

"ఇన్నేళ్ళుగా మీ ఇంట్లో వండుతున్నాను. ఎప్పుడైనా అబద్ధం చెప్పానా?"

"చెప్పలేదు. అందుకే ఉంచాను. నీ వంట చూసి కాదు."

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. పుట్టినరోజు పొద్దున ఆనవాయితీగా తాగే చేదు మద్యం చిన్న గ్లాసులో పోసి బోదిల్ ఆయన చేతికిచ్చింది.

ఒక్క పడవతో మొదలుపెట్టానని రావ్న్‌హోల్ట్ పత్రికల వాళ్ళకి చెబుతాడు. మొదలుపెట్టింది మామగారి ఓడలతో. మామగారి సమాధి మీద పూలు వాడకముందే ఓడల పొగగొట్టాల మీద ఆయన పేరు చెరిపించి తన పేరు రాయించాడు. ఆయన ఆఫీసు గదిలో రెండో కుర్చీ ఉండేది కాదు. కెప్టెన్లు నిలబడే మాట్లాడేవారు. తర్వాత ఓడల మీద డెన్మార్క్ జెండా దింపించి పనామా జెండా కట్టించాడు. జెండా మారితే చట్టమూ మారుతుంది, తక్కువ జీతానికి పరాయి దేశపు నావికుల్ని పెట్టుకోవచ్చు. ఈ దీవిలో సగం ఇళ్ళ మగవాళ్ళకి ఆ ఏడే పని పోయింది. కెప్టెన్ విల్లాడ్స్ ఒక్కడు జెండా దింపనన్నాడు. అతన్ని ఏదో రేవులో దింపేశారు. విల్లాడ్స్ ఆ జెండాని మడిచి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ తర్వాత రావ్న్‌హోల్ట్ రాజధానిలో ఒక సంగీత మందిరం కట్టించాడు. దాని మీదా ఆయన పేరే.

"ఎగరెయ్యమని ఎవరైనా చెప్పారా వాళ్ళకి? ఫ్లెమ్మింగ్ గానీ?"

"ఎవరూ చెప్పలేదు. వాళ్ళంతట వాళ్ళే."

"నా దగ్గర పనిచేసిన ముసలాళ్ళు కూడానా?"

"వాళ్ళే ముందు అయ్యగారూ."

"విల్లాడ్స్?"

బోదిల్ కాఫీ కూజాకి మూత పెట్టింది. "మొట్టమొదట ఎగిరింది విల్లాడ్స్ ఇంటి మీదే."

రావ్న్‌హోల్ట్ నవ్వాడు. ఆ ముఖానికి నవ్వు అలవాటు లేదు.

"చూశావా? ఇన్నాళ్ళు వీధిలో ఎదురుపడితే ఉమ్మేసేవాడు. ఆఖరికి దారికొచ్చాడు. ఈ జనానికి నెత్తిన ఒకటి మొట్టాలి, కాస్త ఆగాలి. అంతే. నా కోసమేగా ఇదంతా?"

"ఇవాళ ఊళ్ళో ఇంకెవరి పుట్టినరోజూ లేదు," అంది బోదిల్. ఆ వెంటనే, "ఫ్లెమ్మింగ్ గారు ఫోను కోసం చూస్తుంటారు," అంది.

ఫ్లెమ్మింగ్ ఆయన మేనల్లుడు. కోపెన్‌హాగెన్ ఆఫీసు చూస్తాడు. దీవి నుంచి అవతలి ఒడ్డుకి తిరిగే ఫెర్రీ కూడా కంపెనీదే. దాని మీద లాభం లేదు. వచ్చే నెల నుంచి ఆపెయ్యాలా వద్దా, ఆ పొద్దున ఆయన మాట చెప్పాలి. ఏ మాట చెబుతాడో బోదిల్‌కి తెలుసు. ఆమె భర్త అస్గర్‌కి మూత్రపిండాలు పాడయ్యాయి. డయాలిసిస్‌కి ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకి పోవాలి. ఫెర్రీ ఆగితే ఇల్లు అమ్ముకుని వెళ్ళాలి. ఫెర్రీ లేని దీవిలో ఇల్లు కొనేవాడు లేడు. ముందు రోజు ఆమె ఈ సంగతి చెబితే, "ఈత నేర్చుకోమను," అన్నాడు రావ్న్‌హోల్ట్.

ఆమె నంబరు తిప్పి ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది.

"ఫ్లెమ్మింగ్, ఫెర్రీ తిరుగుతుంది."

అవతలి గొంతు బోదిల్‌కి కూడా వినపడింది. "మామయ్యా, నిన్ననేగా మీరు..."

"నిన్న వేరు. ఊరంతా నాకు జెండా ఎత్తిందిరా! విల్లాడ్స్‌తో సహా! పదేళ్ళు తిరుగుతుందని దీవి పంచాయతీకి ఇప్పుడే రాసిచ్చెయ్. మధ్యాహ్నం రేడియోలో చెప్పించు. ఫెర్రీకి నా పేరు పెట్టు. అక్షరాలు పెద్దవి రాయించు."

"ఒక్కసారి ఆలోచించండి మామయ్యా. నష్టం..."

"ఆ కుర్చీలో ఉండాలని ఉందా లేదా నీకు?"

"పంపిస్తున్నాను మామయ్యా."

బోదిల్ ఫోను పెట్టేసింది. చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. చర్చి గంట మొదలైంది.

"గంట కూడానా!" అన్నాడు రావ్న్‌హోల్ట్.

"అందరూ చర్చికి వెళుతున్నారు. నేనూ వెళ్ళొస్తాను అయ్యగారూ."

"మంగళవారం నాడు చర్చా? ఇంత చేస్తారనుకోలేదు. నేను రాను. వాళ్ళ చెమట కంపు నాకు పడదు. నా బిరుదులు వరసగా చదవమని పాస్టర్‌కి చెప్పు. ఒక్కటి వదిలినా ఊరుకోను."

"మీరు చెప్పారని చెబుతాను."

ఆమె కోటు తొడుక్కుని బయటికి వచ్చి తలుపు వేసింది. కొండ మీది ఆ ఇంటి మెట్ల నుంచి చూస్తే రేవు దాకా కప్పులన్నీ కనిపిస్తాయి. విల్లాడ్స్ ఇంటి నుంచి చర్చి వైపు ఒక శవపేటికని మోసుకెళుతున్నారు, దాని మీద అతను ఓడ నుంచి మడిచి తెచ్చుకున్న జెండా కప్పి ఉంది.

ఊళ్ళో జెండాలన్నీ సగం ఎత్తులోనే ఉన్నాయి.